తమ్ముణ్ణి స్తంభానికి కట్టి కొట్టారు, క్షమించడమంటే ఊరుకోవడమేనా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి చివర్లో చెబుతాను, మరచిపోను.

ఇతరులకూ అర్థం కావడానికి మీరు చెప్పింది క్లుప్తంగా రాస్తున్నాను. కావలి అవతల తీరంలో రొయ్యల చెరువుల మీద మీ తమ్ముడు కాపలా పని చేస్తున్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. ఒక ఉదయం గట్టు మీద మోటారు కనిపించలేదు. యజమాని మనుషులు, పక్క చెరువులవాళ్లు, ఊరివాళ్లు కలిసి ఇరవై మంది దాకా వచ్చి అతణ్ణి, అతనితో పనిచేసే ఇంకొకరిని కరెంటు స్తంభానికి కట్టి గంటన్నర సేపు కొట్టారు. దెబ్బలకు తాళలేక మీ తమ్ముడు "నేనే తీశాను" అన్నాడు. ఆ ముక్క ఒక్కటే వీడియోలోంచి కత్తిరించి ఊరంతా పంపారు. మూడో రోజున అసలు సంగతి బయటపడింది. మోటారు కావలిలో రీవైండింగ్ షాపులో ఉంది, యజమాని అల్లుడే ముందు రోజు రాత్రి ఆటోలో వేసి పంపాడు. ఇప్పుడు పెద్దమనుషులు ముప్పై వేలు ఇప్పిస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. మీ పాస్టర్ గారు, ప్రభువు మౌనంగా భరించాడు కదా, మనకు కేసులెందుకు అన్నారు. సంఘంలోనే కొందరు నిప్పు లేనిదే పొగ రాదంటున్నారు. విశ్వాసులుగా కేసు పెట్టవచ్చా, వాళ్ల ముఖాలు కనిపించే వీడియో మేమూ బయట పెట్టవచ్చా, భయంతో అబద్ధం ఒప్పుకోవడం పాపమా అని అడిగారు.

నేను ఒంగోలులో ముప్పై ఒక్క సంవత్సరాలుగా క్రిమినల్ కేసులు చూస్తున్న వకీలును. బాప్టిస్టు సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను.

అన్నిటికంటే ముందు ఒక పని. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర కట్టు కట్టించామని, వేలు ఇంకా వంగడం లేదని రాశారు. ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్స్‌రే తీయించండి. జారిపడ్డాడని చెప్పవద్దు, ఎవరు, ఎక్కడ, దేనితో కొట్టారో ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పండి. అప్పుడు దాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు కబురు పంపుతారు. గాయాల ధ్రువపత్రం అక్కడి నుంచే వస్తుంది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం, కేసు బరువే మారిపోతుంది. వీపు మీది మచ్చలు పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. ఆ రోజు వేసుకున్న చొక్కా ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టండి. కేసు పెట్టాలా వద్దా అన్నది రేపు తేల్చుకోవచ్చు. కమిలిన మచ్చలు రేపటి దాకా ఆగవు.

ఇక పాస్టర్ గారి మాట. ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను. చిన్న సంఘం, అందరికీ ఆ చెరువుల మీదే కూలి. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ ప్రభువు మౌనం గురించి ఆయన చెప్పింది సగమే. పిలాతు ఎదుట యేసు మౌనంగా ఉన్నమాట నిజం. అంతకు కొన్ని గంటల ముందు, రాత్రి విచారణలో ఒక బంట్రౌతు ఆయన చెంప మీద కొట్టాడు. అప్పుడు ఆయన మౌనంగా ఉండలేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చూపించు, సరిగా మాట్లాడి ఉంటే నన్నెందుకు కొట్టావు అని అడిగాడు. యోహాను సువార్త 18వ అధ్యాయం, 23వ వచనం. ఈ రాత్రి మీ ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడు అందరూ కలిసి చదవండి.

నేను కోర్టులో నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ముందు తప్పు చూపించు, శిక్ష సంగతి తర్వాత. ఆయన తిరిగి కొట్టలేదు, శపించలేదు. అలాగని ఆ దెబ్బ న్యాయమేనని ఒప్పుకుంటున్నట్టు తల వంచుకోనూ లేదు. రెండో చెంప చూపమని కొండమీద చెప్పిన నోటితోనే ఈ ప్రశ్న అడిగాడు. సిలువ ముందు ఆయన మౌనం, తన ప్రాణాన్ని తానే ఇష్టపడి పెట్టేవాడి మౌనం. మీ తమ్ముడు ఎవరి పాపం కోసమూ ఆ స్తంభం దగ్గరకు వెళ్లలేదు. నెల జీతం కోసం వెళ్లాడు. ఆ మౌనాన్ని అతని మీద మోపే హక్కు నాకు లేదు, మీ పాస్టర్ గారికీ లేదు.

మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉన్నది ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడు పౌలు, అతని తోటి సువార్తికుడు సీల కథ. జనం ఎగబడ్డారు, అధికారులు విచారణ లేకుండానే బట్టలు చించి బెత్తాలతో కొట్టించారు, కాళ్లకు బొండ (కొయ్య సంకెళ్లు) వేయించారు. తెల్లవారాక, వాళ్లను వదిలేయండి, వెళ్లిపొమ్మనండి అని కబురు పంపారు. పౌలు వెళ్లనన్నాడు. నేరం రుజువు కాకుండానే మమ్మల్ని అందరి ఎదుటా కొట్టించారు, ఇప్పుడు ఎవరికీ తెలియకుండా పంపించేస్తారా, వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి అన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. పౌలుకు డబ్బు అక్కరలేదు, వాళ్ల ఉద్యోగాలు పోవాలనీ అడగలేదు. అప్పుడే లూదియ ఇంట్లో ఒక చిన్న సంఘం పుట్టింది. ఆయన చాటుగా వెళ్లిపోయి ఉంటే ఊరు ఆ సంఘాన్ని బెత్తం దెబ్బలు తిన్న దొంగల సంఘం అనేది. అందరి ఎదుటా కొట్టడం, చాటుగా సర్దేయడం: మీకు చూపిస్తున్న ఆ ముప్పై వేల కాగితం సరిగ్గా ఇదే.

పగ తీర్చుకోవడం నా పని అని దేవుడు చెప్పిన మాటను రోమా పత్రికలో ఎత్తి రాసిందీ ఈ పౌలే. ఆ మాట 12వ అధ్యాయం చివర్లో ఉంది. వెంటనే 13వ అధ్యాయంలో, కీడు చేసినవాణ్ణి శిక్షించడానికి అధికారి దేవుని సేవకుడిగా ఉన్నాడని రాశాడు. అధ్యాయాల అంకెలు చాలా కాలం తర్వాత ఎవరో వేసినవి. పౌలు ఆ రెండు మాటలనూ ఒకే ఊపిరిలో రాశాడు. పగను చేతిలోంచి వదిలేసి, విచారణను అధికారికి అప్పగించమన్నాడు. మీరు కేసు పెట్టవచ్చు. రాత్రి వాళ్ల పేర్లు చెప్పి ప్రార్థన చేసి, పొద్దున అవే పేర్లతో ఫిర్యాదు ఇవ్వవచ్చు. అలా చేసినవారిని నేను చూశాను.

ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. మీరు నాలుగుచోట్ల, వాడు దొంగతనం చెయ్యలేదు సార్ అని రాశారు. చేసి ఉన్నా అది న్యాయం కాదు తల్లీ. మోటారు భుజాన వేసుకుని పోతుండగా పట్టుకున్నా, మామూలు మనుషులకు చట్టం ఇచ్చిన అధికారం పట్టి ఉంచి పోలీసులకు అప్పగించడం వరకే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల కొత్త చట్టం) 40వ సెక్షను అదీ ఆరు గంటల లోపు జరగాలంటుంది. కట్టేయడానికి, కొట్టడానికి, వీడియో తీయడానికి ఎవరికీ హక్కు లేదు. దుష్టత్వం చేయడానికి గుంపు వెంట పోవద్దని, లేని వార్త పుట్టించవద్దని నిర్గమకాండం 23వ అధ్యాయం ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. రాసినవారికి గుంపు సంగతి తెలుసు. ముందు వార్త పుడుతుంది, తర్వాత గుంపు కదులుతుంది. ఇరవై మందిలో ఒక్కరు యజమాని అల్లుడికి ఫోను చేసి ఉంటే ఆ ఉదయం ఏమీ జరిగేది కాదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మీ తమ్ముడి మనసును తొలుస్తున్న విషయం. అన్నం సరిగా తినడం లేదని, అబద్ధం ఒప్పుకున్నాను, దేవుడి ముందు ఏ ముఖంతో నిలబడాలి అంటున్నాడని రాశారు. అతనికి చదివి వినిపించండి. ప్రభువు శిష్యుడు పేతురును ఎవరూ కట్టలేదు, కొట్టలేదు. చలి మంట దగ్గర ఒక పనిపిల్ల యేసు గురించి అడిగితే చాలు, ఆ మనిషి నాకు తెలియదన్నాడు, మూడుసార్లు. ప్రభువు మళ్లీ కనిపించినప్పుడు, ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చి, తినమని పిలిచాడు. తిన్న తర్వాతే అడిగాడు, అదీ నువ్వెందుకు అబద్ధమాడావని కాదు, నన్ను ప్రేమిస్తున్నావా అని. దెబ్బతిన్న వేలితో, గంటన్నర దెబ్బల తర్వాత నోటినుంచి వచ్చిన రెండు మాటలను ఆయన పాపాల పుస్తకంలో రాసుకుంటాడని నేను నమ్మను. ఆ పాపం ఆ మాటలు పలికించినవాళ్లది. అతనితో ముందు అన్నం తినిపించండి.

కోర్టు కూడా దాదాపు ఇదే చెబుతుంది. న్యాయస్థానం వెలుపల చేసిన ఒప్పుకోలు బలహీనమైన సాక్ష్యమని, అది స్వచ్ఛందంగా చేసినదై ఉండాలని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పులలో చెప్పింది. స్తంభానికి కట్టి ఉన్న మనిషి మాటలో స్వచ్ఛందం ఎక్కడుంది? ఆ వీడియో మీ తమ్ముడికి వ్యతిరేకంగా కాదు, తీసినవారికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. అందుకని దాన్ని జాగ్రత్త చేయండి. ఎవరి ఫోనుకు ఏ తేదీన, ఏ నంబరు నుంచి వచ్చిందో రాసుకోండి. ఆ ఫోను మార్చవద్దు, అందులోది చెరపవద్దు. కోర్టులో దానికి ధ్రువీకరణ పత్రం అవసరమవుతుంది, దాన్ని మీ వకీలు చూసుకుంటారు.

దానికంటే విలువైన సాక్ష్యం ఇంకొకటి ఉంది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. రీవైండింగ్ షాపు రసీదు. మోటారు ఏ రోజు వచ్చింది, ఎవరి పేరు మీద రాసుకున్నారు? ఆటో నడిపినవాడు ఎవరు? షాపువాళ్లు ఇస్తే నకలు తీసుకోండి, ఇవ్వకపోతే గొడవ పడవద్దు. ఫిర్యాదులో షాపు పేరు రాస్తే దర్యాప్తు అధికారి పుస్తకం తెప్పించుకుంటారు.

ఫిర్యాదు ఎలా రాయాలో కూడా చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో మంచి కేసులు పాడయ్యేది ఇక్కడే. పెన్ను పట్టుకోగానే చుట్టూ చేరిన బంధువులు, ఫలానావాడి పేరు కూడా కలపండి, వాడూ మనకు ఎప్పటినుంచో పడడు అంటారు. కొట్టని అన్నదమ్ములను, పెళ్లికి పొరుగూరు వెళ్లినవాళ్లను కూడా కలిపేస్తారు. ఆ ఒక్క పేరు అబద్ధమని తేలితే మిగతా పందొమ్మిది నిజాల మీదా అనుమానం పడుతుంది. అది కోర్టు సంగతి. దేవుని ఎదుట సంగతి ఇంకా బరువైనది. లేని నేరం అంటగట్టినవారి మీద మనం లేని నేరం అంటగడితే, ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం మన మీదా తీర్పు చెబుతుంది. అబద్ధ సాక్షి ఇతరులకు చేయాలని తలచిందే అతనికి చేయమని అక్కడ ఉంది. మీ తమ్ముడు కళ్లతో చూసినవారి పేర్లే రాయండి. పేరు తెలియనివారిని, చూస్తే గుర్తుపడతాను అని రాయండి. కర్రతో కొట్టినవాణ్ణి కర్రతో అని, పక్కన నిలబడి వీడియో తీసినవాణ్ణి వీడియో తీశాడని రాయండి. తాడు విప్పి నీళ్లు ఇచ్చిన ముసలాయన ఒకరున్నారని రాశారు కదా. ఆయన ఆ చోటనే ఉన్నా ఆయన పేరు ముద్దాయిల్లో రాకూడదు, సాక్షుల్లో రావాలి.

స్టేషనులో తీసుకోకపోతే భయపడవద్దు. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కింద ఇవ్వవచ్చు. నమోదైన ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపండి, ఆ రసీదు దాచండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లే దారి ఉంది. 2018 జూలై 17న తహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు, మూక దాడుల విషయం చూడటానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని ఆదేశించింది. ఎస్పీకి రాసేటప్పుడు ఆ తీర్పును ఒక వాక్యంలో గుర్తుచేయండి. వకీలుకు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోను నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచితంగా వకీలును పెడతారు.

కొత్త న్యాయ సంహితలో మూకకు ప్రత్యేక సెక్షను ఉందట కదా అని అడిగారు. ఉంది. ఐదుగురు లేదా అంతకు మించి కలిసి కులం, జాతి, పుట్టిన ఊరు, భాష, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణంతో చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. దొంగతనం అనుమానం ఒక్కటే కారణమైతే ఆ సెక్షను అతుకుతుందా అన్నది కోర్టులో వాదనకు వచ్చే విషయం. అందుకే కొడుతున్నప్పుడు ఏ మాటలు అన్నారో, కులం పేరు ఎత్తారా, మీ ప్రార్థన గురించి ఏమైనా అన్నారా, అన్నీ గుర్తున్నది గుర్తున్నట్టు ఇప్పుడే రాసుకోండి. అననిది రాయవద్దు. ఆ సెక్షను రాకపోయినా అక్రమ నిర్బంధం, తీవ్ర గాయం, అల్లర్ల సెక్షన్లు ఎలాగూ ఉంటాయి.

వీడియో విషయం. మీ దగ్గర పూర్తి వీడియో ఉందని, అందులో అందరి ముఖాలూ కనిపిస్తున్నాయని, ఫేస్‌బుక్‌లో పెడితే వాళ్ల పరువూ పోతుందని రాశారు. మీ కోపం నాకు తెలుస్తోంది. పెట్టవద్దు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులకు ఈ దేశంలో ఎందరో అమాయకులు బలైపోయారు. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ మన దేశంలో వచ్చిన సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. సందేశాలు పంపినవారిలో చాలామంది పిల్లలను కాపాడుతున్నాం అనుకునే పంపారు. మీరు పెట్టిన వీడియోలో వెనక నిలబడ్డ ఒక కుర్రవాణ్ణి చూసి, వాడు కూడా కొట్టాడట అని పొరుగూళ్లో ఎవరైనా దారి కాస్తే? ఆ కుర్రవాడు తాడు విప్పమని అడిగినవాడైతే? ఆ వీడియో పోలీసులకు, కోర్టుకు చేరాలి. వీధికి కాదు.

వీధికి పంపవలసింది ఒక్కటే. నెహెమ్యా గోడ కడుతున్నప్పుడు శత్రువులు అతని మీద నింద మోపుతూ విప్పి ఉన్న ఉత్తరం పంపారు, దారిలో అందరూ చదువుకోవడానికే అలా పంపారు. నెహెమ్యా జవాబు చాలా చిన్నది: నువ్వు చెప్పేవేవీ జరగలేదు, నీ మనసులోంచి పుట్టించావు. అంతే, మళ్లీ పనిలో పడ్డాడు. మీరూ ఒకే సందేశం రాయండి. ఫలానా తేదీన మోటారు మరమ్మతు షాపులో ఉంది, మా తమ్ముడు దొంగతనం చేయలేదు, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. మూడు వాక్యాలు చాలు. తర్వాత ఎవరు ఏమన్నా వాదించవద్దు.

రాజీ కాగితం సంగతి. ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం వద్దు, వేలిముద్ర అసలే వద్దు. మీకు చూపించిన కాగితంలో ఒక వాక్యం ఉందని రాశారు, "జరిగిన పొరపాటుకు ఇరుపక్షాలు చింతిస్తూ" అని. మీ తమ్ముడు దేనికి చింతించాలి? క్రైస్తవుడు రాజీ పడకూడదని నేను అనడం లేదు. కొన్ని నేరాలలో బాధితుడు రాజీ పడవచ్చు, కొన్నింటికి కోర్టు అనుమతి కావాలి, కొన్నింటికి రాజీ లేదు. కానీ రాజీకి ముందు నిజం ఒప్పుకోవాలి. సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్య ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానని జనం అందరూ వింటుండగా చెప్పాడు, చీకట్లో కవరు ఇవ్వలేదు. ఏ స్తంభం దగ్గర కొట్టారో అక్కడే ఊరివాళ్ల ఎదుట నిలబడి, ఇతను దొంగ కాదు, మేం తప్పు చేశాం అని చెప్పగలిగితే, వైద్యం ఖర్చు, పోయిన కూలి ఇస్తే, అప్పుడు మీ తమ్ముడి ఇష్టం. మీ ఇష్టం కాదు, నాది కాదు, పాస్టర్ గారిది కాదు. దెబ్బలు తిన్నవాడిది. క్షమించే హక్కు అతనిది, తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు.

సంఘం గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ రాయాలి. ఇరవై రెండేళ్ల కిందట మా సంఘంలో కానుకల లెక్కలు చూసే ఒక పెద్దాయన ఉండేవారు. కోత పండుగ కానుకల్లో కొంత మొత్తం తక్కువైందని ఎవరో అన్నారు. రాత్రి పెద్దల కూటం జరిగింది. ఆయన్ను పిలవలేదు. కోర్టులో రోజూ సాక్షులను ప్రశ్నించే నేను ఆ రాత్రి నోరు తెరవలేదు. పుస్తకం ఎక్కడుంది, ఒకసారి చూద్దాం అని కూడా అడగలేదు. తర్వాతి ఆదివారం ఆయన్ను తొలగించినట్టు ఆరాధనలో చదివారు. ఎనిమిది నెలల తర్వాత లెక్కలు సరిచూస్తుంటే ఆ మొత్తం మందిరం మరమ్మతుల పుస్తకంలో ఆయన చేతిరాతతోనే జమ అయి ఉంది. తప్పయిందని ఉత్తరం రాసి ఇంటికి పంపాం. తొలగించిన సంగతి మూడు వందల మంది వింటుండగా చదివినవాళ్లం, తప్పయిందన్న సంగతి కవరులో పెట్టి పంపాం. ఆయన మళ్లీ మందిరానికి రాలేదు. పోయారు. పెద్ద మీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే అంగీకరించమని పౌలు తిమోతికి రాసిన మాట ఆ ఏడాది నేను రెండుసార్లు బోధించాను.

అందుకే అడుగుతున్నాను. మీ పాస్టర్ గారి దగ్గరకు మీరు, మీ అమ్మగారు వెళ్లండి. కోపంగా కాదు. ఈ ఆదివారం సంఘం ముందు మీ తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని, ఈ బిడ్డ మీద పడిన మాట అబద్ధమని తేలింది అని చెప్పి ప్రార్థన చేయమనండి. కేసులో ఆయన సాక్షిగా రావక్కరలేదు, ఆ ఒక్క వాక్యం చెబితే చాలు. 1985 జూలై 17న, అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో మాదిగపల్లె మీద మూక పడింది. తాగునీటి చెరువు దగ్గర గేదెల విషయంలో మొదలైన తగవుకు ఆరుగురు చనిపోయారు. మిగిలినవారు చీరాలకు పరుగెత్తి అక్కడి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చివరి తీర్పు 2008లో సుప్రీంకోర్టులో వచ్చింది. ఇరవై మూడేళ్లు పట్టింది. ఆ రోజు గేటు తెరవడానికి మాత్రం ఎవరూ తీర్పు కోసం ఆగలేదు. మీ పాస్టర్ గారితో ఈ మాట నా పేరు మీదే చెప్పండి, కావాలంటే నాతో ఫోనులో మాట్లాడమనండి.

ఇప్పుడు ఆ వాక్యం. "వాడితో పాటు ఒక యానాదిని కూడా కట్టేశారు" అని రాశారు. మూడు పేజీలలో ఆ మనిషి గురించి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. ఆయనకు ఎక్కడ దెబ్బలు తగిలాయి, ఆసుపత్రికి వెళ్లాడా, ముప్పై వేలలో ఆయనకు ఏమైనా ఉందా, ఏదీ లేదు. మిమ్మల్ని నిందించడానికి అనడం లేదు. తమ్ముడి వీపు చూసినవారికి ఇంకేదీ కనిపించదు. కానీ అదే స్తంభం, అదే తాడు.

మన నెల్లూరు తీరంలో చెరువు మీద ఏది పోయినా మొదట యానాది గుడిసె తలుపు కొట్టడం మామూలైపోయింది. ఇందులో మా సంఘాల చరిత్రకూ భాగం ఉంది. 1871లో బ్రిటిష్‌వారు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని రాసుకుంది. ఎరుకల కుటుంబాలను ఆ చట్టం కింద ఉంచిన సెటిల్‌మెంటు మీ కావలిలోనే ఉండేది, దాన్ని నడిపింది మా బాప్టిస్టు మిషనరీలే. వారు బడి పెట్టారు, పని నేర్పారు, అదీ నిజమే. అయినా ఒక జాతి మొత్తాన్ని విచారణ లేకుండా దొంగలన్న చట్టానికి సంఘం చేయి అందించింది. చట్టం 1952లో రద్దయింది. మాట మాత్రం రద్దు కాలేదు.

చట్టపరంగా కూడా ఆయన విషయం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే ఉంటుంది. క్రైస్తవ్యం స్వీకరించిన వ్యక్తి అట్రాసిటీ చట్టం (ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దాడులకు ఉన్న ప్రత్యేక చట్టం) కింద ఫిర్యాదు చేయలేడని 2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ కేసులో చెప్పింది. కాబట్టి మీ కుల ధ్రువపత్రం సంగతి వకీలుకు దాచకుండా చెప్పండి. ఎస్టీలకు ఆ మత నిబంధన లేదు. ఆయన యానాది కాబట్టి, దాడి చేసినవారు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే ఆ చట్టం వర్తించే అవకాశం ఉంది. అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, బాధితులకు, సాక్షులకు రక్షణ, ప్రయాణ ఖర్చులు అడిగే హక్కు వస్తుంది. ఆయన చెప్పే సాక్ష్యం మీ తమ్ముడికి బలం, మీ తమ్ముడిది ఆయనకు బలం. ఒకరిని విడదీసి డబ్బుతో సర్దేస్తే రెండోవారు ఒంటరిగా మిగులుతారు. పెద్దమనుషులు మీ ఇంటికే ముందు ఎందుకు వచ్చారో ఆలోచించండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మీ తమ్ముణ్ణి తీసుకుని ఆయన ఇంటికి వెళ్లండి. ఆయన్ను కూడా ఎక్స్‌రేకు తీసుకెళ్లవలసి వస్తే ఆటో ఖర్చు నేను పంపుతాను, మొహమాటపడవద్దు. కేసు పెట్టడం ఇష్టమో కాదో అడగండి, బలవంతం చేయవద్దు. ఆయనకు ఆ ఊళ్లో మీకంటే భయం ఎక్కువ. అన్నిటికంటే ముందు ఆయన పేరు అడిగి తెలుసుకోండి. ఆయన సరేనంటే ఫిర్యాదు మొదటి పంక్తిలో రెండు పేర్లూ ఉండాలి.